రాష్ట్రమంతటి బస్సులకు, రైళ్లకు ఏ పన్ను సొమ్ము? అమెరికా రాష్ట్రాల ముందున్న దారుల పోలిక

2025 ఆగస్టు 24న ఫిలడెల్ఫియా ప్రాంతంలో ముప్పై రెండు బస్సు రూట్లు ఒకేసారి ఆగిపోయాయి. అక్కడ బస్సులూ రైళ్లూ నడిపే సెప్టా సంస్థకు ఆ ఏడాది 21.3 కోట్ల డాలర్ల లోటు ఉంది. దానిని ఏ సొమ్ముతో పూడ్చాలన్న విషయంలో పెన్సిల్వేనియా శాసనసభలోని రెండు సభలూ ఒక మాట మీదికి రాలేదు. సెప్టెంబరులో ఆ రూట్లు తిరిగి నడిచాయి గాని, అందుకు కారణం కొత్త నిధి దొరకడం కాదు. కోతలను వెనక్కి తీసుకోమని ఒక న్యాయస్థానం ఆదేశించింది. కొత్త వాహనాలకూ మరమ్మతులకూ ఉంచిన పెట్టుబడి నిధి నుంచి 39.4 కోట్ల డాలర్లను రెండేళ్లపాటు రోజువారీ ఖర్చులకు వాడుకోవడానికి రాష్ట్ర రవాణా శాఖ అనుమతించింది. ఇది విత్తనాలకు దాచిన గింజలను వండుకు తినడం లాంటిది. ఆ పూట ఆకలి తీరుతుంది, వచ్చే పంట మాత్రం ఉండదు. అదే నెలలో టికెట్ ధర రెండున్నర డాలర్ల నుంచి 2.90 డాలర్లకు పెరిగింది.

ఈ పరిస్థితి ఒక్క పెన్సిల్వేనియాది కాదు. కరోనా కాలంలో అమెరికా కేంద్ర ప్రభుత్వం మూడు చట్టాల ద్వారా ప్రజా రవాణా సంస్థలకు సుమారు 6,950 కోట్ల డాలర్ల సాయం చేసింది. ఆ సొమ్ము అయిపోయేసరికి, అది కప్పి ఉంచిన లోటు అన్ని చోట్లా ఒకేసారి బయటపడింది. ఇప్పుడు అనేక రాష్ట్రాల్లో శాసనసభ్యులు, మేయర్లు, ఉద్యోగ సంఘాలు, యజమానుల సంఘాలు తలా ఒక పన్నును ప్రతిపాదిస్తున్నారు, తలా ఒక పన్నును వ్యతిరేకిస్తున్నారు. ఆ దారుల్లో ఏది ఎక్కడ నప్పుతుందో, ఏది పైకి ఆకర్షణీయంగా ఉన్నా రెండేళ్లలో చేతులెత్తేస్తుందో పోల్చి చూడడానికి ఈ వ్యాసం రాస్తున్నాను. ఏ పన్ను న్యాయమైనదన్న ప్రశ్నతోనే చాలామంది ఈ చర్చ మొదలుపెడతారు. అది ముఖ్యమైన ప్రశ్నే, అయినా దానికంటే ముందు అడగవలసినది మరొకటి ఉంది: ఆ సొమ్ము ఏ బిల్లు కట్టడానికి?

రెండు రకాల బిల్లులు

డ్రైవర్ల జీతాలు, ఇంధనం, మెకానిక్కుల కూలి, స్టేషన్ల శుభ్రత ప్రతి నెలా తప్పని నిర్వహణ ఖర్చులు. కొత్త బస్సులు, పట్టాలు, సిగ్నళ్లు, డిపోలు అప్పుడప్పుడూ పెద్ద మొత్తంలో వచ్చే పెట్టుబడి ఖర్చులు. మొదటి రకానికి ఏటా తప్పకుండా వచ్చి ధరలతోపాటు పెరిగే ఆదాయం కావాలి. రెండవ రకానికి హెచ్చుతగ్గులున్నా ఫర్వాలేదు, బాండ్లు అమ్ముకుని ఏళ్ల తరబడి తీర్చుకోవచ్చు. ఈ తేడాను మరచి చేసిన ఏర్పాట్లే తర్వాత కూలిపోతున్నాయి.

కేంద్రం వైపు చూడడంలోనూ ఇదే చిక్కు ఎదురవుతుంది. 1998 నాటి చట్టం నుంచి, రెండు లక్షలకు మించిన జనాభా గల పట్టణ ప్రాంతాల్లో కేంద్ర నిధులను సాధారణంగా రోజువారీ నిర్వహణకు వాడకూడదు, చిన్న సంస్థలకు మాత్రం కొన్ని మినహాయింపులున్నాయి. అంటే వాషింగ్టన్ కొత్త బస్సు కొనిపెట్టగలదు గాని దానిని నడిపే డ్రైవరుకు జీతం ఇవ్వదు. ఆ జీతం భారం రాష్ట్రం మీద, స్థానిక ప్రభుత్వాల మీద, ప్రయాణికుల మీద పడుతుంది. కనుక రాష్ట్రస్థాయి చర్చ ముఖ్యంగా నిర్వహణ ఖర్చు గురించేనని గుర్తుపెట్టుకుంటే సగం గందరగోళం తొలగిపోతుంది.

టికెట్ ఆదాయం

ఎక్కినవాడే కట్టాలన్న వాదం వినడానికి సూటిగా ఉంటుంది. శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతంలోని బార్ట్ రైళ్లు కరోనాకు ముందు తమ నిర్వహణ ఖర్చులో దాదాపు మూడింట రెండు వంతులు టికెట్ల మీదే రాబట్టుకునేవి. దేశంలో మరే పెద్ద సంస్థనూ చూసి అసూయపడనవసరం లేనంత మెరుగైన లెక్క అది. ఆఫీసు ఉద్యోగులు ఇంటి నుంచి పనిచేయడం మొదలుపెట్టాక ఆ బలమే బలహీనత అయింది. పన్నుల మీద ఎక్కువగా ఆధారపడిన సంస్థల కంటే టికెట్ల మీద ఆధారపడిన సంస్థే లోతుగా కూరుకుపోయింది.

ధర పెంచి, బస్సులు తగ్గించి లోటు పూడ్చాలనుకుంటే ప్రయాణికులు తగ్గుతారు, వాళ్లతోపాటు ఆదాయం తగ్గుతుంది, దానితో మళ్లీ కోతలు తప్పవు. కారు కొనగలిగినవాళ్లు ముందు దిగిపోతారు, కొనలేనివాళ్లు పావుగంటకు బదులు గంటసేపు స్టాపులో నిలబడతారు. టికెట్ పూర్తిగా ఎత్తివేయాలని నేను అనడం లేదు. ధరను ద్రవ్యోల్బణానికి తగ్గట్టు మెల్లగా సవరిస్తూ, పేదలకు రాయితీ ఇస్తూ, మొత్తం ఖర్చులో ఒక స్థిరమైన భాగంగా ఉంచుకోవాలి. లోటు వచ్చిన ప్రతిసారీ లాగే తాడుగా మాత్రం దానిని వాడకూడదు.

అమ్మకపు పన్ను

అమెరికాలో ప్రజా రవాణాకు అందరికంటే ఎక్కువగా అలవాటైన ఆధారం ఇదే. 1971 నాటి చట్టంతో కాలిఫోర్నియా రాష్ట్రమంతటా వసూలయ్యే అమ్మకపు పన్నులో డాలరుకు పావు సెంటు వాటాను ప్రజా రవాణాకు కేటాయించి, ఏ కౌంటీలో (మన జిల్లా వంటి పాలనా ప్రాంతంలో) వసూలైన వాటా ఆ కౌంటీకే తిరిగి ఇచ్చే పద్ధతి పెట్టింది. ఆ పునాది మీద లాస్ ఏంజెలెస్ కౌంటీ ఓటర్లు 1980, 1990, 2008, 2016లలో డాలరుకు అరసెంటు చొప్పున నాలుగుసార్లు తమంతట తామే పన్ను వేసుకున్నారు. మినియాపొలిస్, సెయింట్ పాల్ మహానగర ప్రాంతంలో 2023 అక్టోబరు నుంచి 0.75 శాతం అమ్మకపు పన్ను వసూలవుతోంది, దానిని వేయించినది మినెసోటా శాసనసభ.

దీనిలోని మేలు స్పష్టం. దుకాణంలో వసూలయ్యే పన్ను కనుక కొత్త యంత్రాంగం అవసరం లేదు. ధరలు పెరిగితే రాబడి తనంతట తానే పెరుగుతుంది. పర్యాటకులూ కొంత కడతారు. కీడు కూడా అంతే స్పష్టం. వచ్చిన జీతమంతా ఖర్చయిపోయే కుటుంబం తన ఆదాయంలో ఎక్కువ శాతం ఈ పన్నుకు పోగొట్టుకుంటుంది, సంపన్న కుటుంబానికి అది లెక్కలోకి రాదు. ఈ అన్యాయపు మోతాదు మాత్రం రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. పెన్సిల్వేనియాలో వంటసరుకులకూ, మామూలు బట్టలకూ అమ్మకపు పన్ను లేదు, కాబట్టి అక్కడ ఆ పోటు కొంత తగ్గుతుంది. తిండి మీద కూడా పన్ను వేసే రాష్ట్రంలో ఇదే ప్రతిపాదన వస్తే నేను రెండుసార్లు ఆలోచిస్తాను.

మసాచుసెట్స్ అనుభవం దగ్గర కాస్త ఆగాలి. 2000 సంవత్సరం వరకు బోస్టన్ ప్రాంతపు ఎంబీటీఏ సంస్థ ఏడాదంతా ఖర్చు పెట్టి, చివర్లో బిల్లు రాష్ట్రానికి పంపేది. ఆ ఏడాది నుంచి పద్ధతి మార్చి, రాష్ట్ర అమ్మకపు పన్నులో డాలరుకు ఒక సెంటు ఆ సంస్థకే అంకితం చేశారు. ముందుగానే ఆదాయం తెలుస్తుంది కనుక పొదుపుగా నడుస్తుందని ఆశించారు. ఆలోచన మంచిదే. కాని అమ్మకపు పన్ను లెక్కల్లో అనుకున్నంత వేగంగా పెరగలేదు, పన్ను పడని ఇంటర్నెట్ కొనుగోళ్లు విస్తరించాయి. పైగా సంస్థకు ఆ ఆదాయంతోపాటే పాత అప్పుల మూటనూ అప్పగించారు. అందులో బోస్టన్ భూగర్భ రహదారి నిర్మాణానికి బదులుగా ఒప్పుకున్న రైలు పనుల అప్పు కూడా ఉంది. వచ్చిన సెంట్లలో పెద్ద భాగం వడ్డీలకు పోతుంటే మరమ్మతులు వాయిదా పడ్డాయి, 2015 చలికాలపు మంచుతుపానుల్లో ఆ వాయిదాల ఫలితాన్ని ప్రయాణికులు రోజుల తరబడి అనుభవించారు. ఒక పన్ను వాటాను అంకితం చేయడం వల్ల మాత్రమే సంస్థ నిలబడదు. ఆ వాటా మీద ముందే ఎవరి హక్కులు పడి ఉన్నాయో చూడాలి, అంచనా తప్పితే రాష్ట్రం ఎంత కనీస మొత్తం హామీ ఇస్తుందో చట్టంలోనే రాసి ఉండాలి.

పెన్సిల్వేనియాలో ప్రజా రవాణాకు వెళ్లేది అమ్మకపు పన్ను రాబడిలో 4.4 శాతం. దానిని 6.15 శాతానికి పెంచాలని గవర్నరు జోష్ షాపిరో 2024లో ప్రతిపాదించారు. పన్ను రేటు పెంచడం అందులో లేదు, ఉన్న రొట్టెను వేరుగా పంచడమే ఉంది. కాబట్టి పన్ను కట్టేవారికి అదనపు భారం లేదు, కాని అదే సొమ్ము కోసం చూస్తున్న బడులకూ ఆస్పత్రులకూ ఆ మేరకు తగ్గుతుంది. ఈ రెండు రకాల ప్రతిపాదనలను ఒకే గాటన కట్టి మాట్లాడడం వల్ల చర్చలో చాలా అపార్థాలు వస్తున్నాయి.

పెట్రోలు పన్ను

రోడ్డు వాడకానికీ బస్సు ప్రయాణానికీ ఉన్న సంబంధం వల్ల ఇది సహజమైన ఆధారంగా తోస్తుంది, కాని దీని మీద ఎక్కువ ఆశ పెట్టుకోవద్దంటాను. పెన్సిల్వేనియా, వాషింగ్టన్ వంటి రాష్ట్రాల్లో పెట్రోలు పన్ను సొమ్మును రహదారులకే వాడాలని రాజ్యాంగమే కట్టడి చేసింది. రాష్ట్ర రాజ్యాంగాన్ని సవరించడం ఒక బడ్జెట్ సమావేశంలో అయ్యే పని కాదు. కేంద్ర పెట్రోలు పన్ను గ్యాలనుకు 18.4 సెంట్ల దగ్గర 1993 నుంచి కదలలేదు. అందులో ప్రజా రవాణా వాటా 2.86 సెంట్లు. ముప్పై ఏళ్ల ద్రవ్యోల్బణం ఆ సెంట్ల విలువను సగానికి పైగా తినేసింది. దానికి తోడు విద్యుత్ కార్లు పెరిగేకొద్దీ ఆ సొమ్ము రావడమే తగ్గుతుంది.

జీతాల మీద పన్ను

నా దృష్టిలో ఇది తగినంత చర్చకు రాని మంచి ఆధారం. ఫ్రాన్స్ 1971లో పారిస్ ప్రాంతంలో యజమానులు చెల్లించే జీతాల మొత్తం మీద రవాణా పన్ను మొదలుపెట్టి, తర్వాత మిగతా పట్టణాలకు విస్తరించింది. ఇప్పుడు పదకొండు మంది, అంతకంటే ఎక్కువ మంది ఉద్యోగులున్న సంస్థలు దానిని కడుతున్నాయి. ఉద్యోగి సమయానికి పనికి చేరడం యజమానికి కూడా లాభమే కాబట్టి ఖర్చులో అతనికీ పాలు ఉండాలన్నది దాని వెనకనున్న తర్కం. అమెరికాలో పోర్ట్‌లాండ్ ప్రాంతపు ట్రైమెట్ సంస్థ 1969లో పుట్టిన నాటి నుంచి ఇదే ఆధారంతో నడుస్తోంది. న్యూయార్క్ 2009 సంక్షోభంలో పన్నెండు కౌంటీల యజమానుల మీద ఇలాంటి పన్ను వేసి, 2023లో నగరంలోని పెద్ద సంస్థలకు 0.60 శాతం దాకా పెంచింది.

రాష్ట్రమంతటా వేయడానికి ఆరెగాన్ నమూనాను పరిశీలించవచ్చు. 2018 జులై నుంచి అక్కడ ఉద్యోగుల జీతాల నుంచే 0.1 శాతం మినహాయిస్తున్నారు. ఏడాదికి యాభై వేల డాలర్ల జీతగాడికి అది యాభై డాలర్లు. సొమ్మును ప్రధానంగా ఎక్కడి జీతాల నుంచి వచ్చిందో అక్కడి రవాణా సంస్థలకు పంచుతారు. అందువల్ల చిన్న కౌంటీలో సైతం వారానికి రెండు రోజులు నడిచే బస్సును నాలుగు రోజులకు పెంచుకునే వీలు కలుగుతుంది.

ఈ పన్ను గొప్పతనం దాని స్థిరత్వంలో ఉంది. ప్రయాణికులు తగ్గినా ఉద్యోగాలు, జీతాలు కొనసాగినంత కాలం రాబడి వస్తుంది. లోపాలూ లేకపోలేదు. మాంద్యంలో ఉద్యోగాలు పోతే రాబడి పడిపోతుంది. బస్సు సౌకర్యం ఏమాత్రం లేని ఊళ్లోని యజమాని ఎందుకు కట్టాలని అడుగుతాడు, ఆ ప్రశ్నకు జవాబు ఇవ్వలేకపోతే చట్టం నిలవదు. న్యూయార్క్ శివారు కౌంటీలలో ఆ అసంతృప్తి మొదటి నుంచీ ఉంది.

ధనికుల మీద, కంపెనీల మీద

పది లక్షల డాలర్లకు మించిన వార్షికాదాయం మీద నాలుగు శాతం అదనపు పన్నును మసాచుసెట్స్ ఓటర్లు 2022లో ఆమోదించి, ఆ సొమ్మును విద్యకూ రవాణాకూ కేటాయించారు. చిన్న పట్టణాల బస్సులను టికెట్ లేకుండా నడపడానికి కూడా అందులో కొంత ఉపయోగపడింది. న్యూజెర్సీ 2024లో, పన్ను వర్తించే ఆదాయం కోటి డాలర్లు దాటిన కంపెనీల మీద 2.5 శాతం రవాణా సుంకం వేసింది. న్యాయం కోణంలో ఇవి అన్నింటికంటే ముందుంటాయి, సామాన్యుడి జేబు ముట్టవు.

అయితే అతి ధనికుల ఆదాయం షేర్ మార్కెట్టుతో పాటు ఎగిరి, దానితోపాటే పడుతుంది. కంపెనీల లాభాలదీ అదే తీరు. డ్రైవరు జీతాన్ని అలాంటి అలల మీద నిలబెట్టడం నాకు భయంగా ఉంటుంది. మంచి ఏళ్లలో వచ్చిన మిగులును పక్కన పెట్టి చెడ్డ ఏళ్లలో వాడుకునే నిల్వ నిధిని చట్టంలోనే పెడితే ఆ భయం చాలావరకు తీరుతుంది. అది లేనిచోట ఈ సొమ్మును డిపోలకూ వాహనాలకూ మరమ్మతులకూ మళ్లించడమే క్షేమం.

టోల్ సొమ్ము

పెన్సిల్వేనియా 2007లో చేసిన చట్టం ఒక హెచ్చరిక. టర్న్‌పైక్ అనే తన టోల్ రహదారిని నడిపే సంస్థ ఏటా కనీసం 45 కోట్ల డాలర్లను రాష్ట్ర రవాణా శాఖకు ఇవ్వాలని ఆ చట్టం నిర్దేశించింది. దానికి ఊతంగా 80వ నంబరు అంతర్రాష్ట్ర రహదారి మీద టోల్ వసూలు చేద్దామనుకుంటే కేంద్రం ఒప్పుకోలేదు, చెల్లింపులు మాత్రం ఆగలేదు. రహదారి సంస్థ అప్పు చేసి ఆ సొమ్ము కట్టింది, ఏటేటా టోలు పెంచింది, చివరికి దాని అప్పు వెయ్యి కోట్ల డాలర్లు దాటింది. ఆ భారం రాష్ట్రానికి ఆ చివర నుంచి ఈ చివరకు రోజూ సరకు మోసే లారీ డ్రైవర్ల వంటివారి మీద పడింది. 2022 తర్వాత ఆ చెల్లింపును ఏటా 5 కోట్లకు తగ్గించి, మిగతా భాగాన్ని వాహనాల అమ్మకపు పన్ను నుంచి ఇచ్చే ఏర్పాటు చేశారు.

మాన్‌హాటన్ నడిబొడ్డులోకి వెళ్లే వాహనాల మీద వేసే న్యూయార్క్ రద్దీ రుసుము వేరే జాతిది. 2019లో చట్టమై, 2024 జూన్‌లో ప్రారంభానికి కొద్దిరోజుల ముందు గవర్నరు ఆపివేయగా, చివరికి 2025 జనవరి 5న పగటివేళ కారుకు 9 డాలర్లతో మొదలైంది. దాని రాబడి ఆధారంగా 1,500 కోట్ల డాలర్ల పెట్టుబడి పనులకు అప్పు సేకరించాలన్నది ఉద్దేశం. రోజువారీ ఖర్చుకు కాక నిర్మాణానికి కట్టడం వల్ల ఇది సరైన జోడింపు అంటున్నాను. కాని కిక్కిరిసిన ఒక నడిబొడ్డు, దానిలోకి వెళ్లడానికి రైలు మార్గాలు ముందే ఉన్న నగరంలోనే ఇది పనిచేస్తుంది. రాష్ట్రమంతటికీ ఇది ఆధారం కాలేదు.

జూదపు యంత్రాల మీద పన్ను వేసి బస్సులకు ఇవ్వాలన్న ప్రతిపాదనలు కూడా పెన్సిల్వేనియా రాజధాని హారిస్‌బర్గ్‌లో తిరుగుతున్నాయి. ఓడిపోయేవారి సంఖ్య మీద బస్సుల సంఖ్య ఆధారపడడం నాకు సమ్మతం కాదు.

ఊరు, నగరం

రాష్ట్రస్థాయి చర్చ ఎప్పుడూ ఒకచోటే ఇరుక్కుంటుంది: పల్లె ప్రాంతపు సభ్యుడు తన ఓటర్ల సొమ్ము నగరానికి ఎందుకు పోవాలంటాడు. ఆ ప్రశ్నను చులకన చేసేవారు ఈ విషయానికి మేలు చేయడం లేదు. నిజానికి పెన్సిల్వేనియాలోని 67 కౌంటీలన్నింటిలోనూ ఏదో ఒక రూపంలో ప్రజా రవాణా ఉంది, లాటరీ రాబడితో వృద్ధులకు ఇచ్చే ప్రయాణ సౌకర్యమూ అందులో భాగం. డయాలిసిస్‌కు వెళ్లవలసిన ఒంటరి వృద్ధురాలికి ముందుగా ఫోను చేసి పిలిపించుకునే చిన్న వ్యాను తప్ప దారి లేదు. ఒక్కో ప్రయాణికుడి మీద అయ్యే ఖర్చు అక్కడ నగరపు బస్సు కంటే చాలా ఎక్కువ, ఎందుకంటే దూరాలు ఎక్కువ, ఎక్కేవారు తక్కువ. కనుక నిధుల సూత్రం ప్రయాణికుల సంఖ్యనే చూస్తే పల్లె నష్టపోతుంది, జనాభానే చూస్తే కిక్కిరిసిన నగరం నష్టపోతుంది. రెండింటినీ కలిపి, ప్రతి కౌంటీకి ఒక కనీస మొత్తం ఉంచి, దాని పైన ప్రయాణాల సంఖ్యను బట్టి పంచే సూత్రానికి ఓట్లు పడే అవకాశం ఎక్కువ. ఆ ఓట్లు పడకపోతే ఎంత మంచి పన్నైనా కాగితం మీదే ఉండిపోతుంది.

ఎవరికి ఏది

ఒక పెద్ద మహానగరం, దాని చుట్టూ విస్తారమైన పల్లెప్రాంతం ఉన్న రాష్ట్రానికి నేను సూచించేది ఇది. కనీస సేవకు రాష్ట్రమంతటా సన్నని జీతాల పన్నునో, తిండి సరుకులకు మినహాయింపు ఉన్న అమ్మకపు పన్ను వాటానో పెట్టాలి. అంతకంటే ఎక్కువ సేవ కోరే ప్రాంతాలకు తమ మీద తామే అదనంగా వేసుకునే హక్కు ఇవ్వాలి. ఒకే స్థాయి పట్టణాలు అనేకం ఉన్న రాష్ట్రంలో ఆరెగాన్ పద్ధతి సరిపోతుంది. ఉద్యోగాలన్నీ నగరంలో, ఇళ్లన్నీ పక్క రాష్ట్రంలో ఉన్నచోట జీతాల పన్ను సరిహద్దు తగాదాగా మారుతుంది కాబట్టి అక్కడ అమ్మకపు పన్నే మేలు. సంపన్నుల పన్ను రాబడి బాగా ఉన్న రాష్ట్రం దానిని పాత బాకీలు తీర్చడానికీ, వాయిదా పడిన మరమ్మతులకూ వాడుకోవాలి.

స్థానిక హక్కు ఇచ్చేటప్పుడు ఎంత మెజారిటీ కావాలని అడుగుతారో చూడండి. 2012లో లాస్ ఏంజెలెస్ కౌంటీలో రవాణా పన్ను కాలాన్ని పొడిగించే ప్రతిపాదనకు 66.1 శాతం ఓట్లు వచ్చాయి. మూడింట రెండు వంతులు కావాలన్న నియమం వల్ల అది ఓడిపోయింది. నాలుగేళ్ల తర్వాత అదే కౌంటీలో కొత్త ప్రతిపాదన డెబ్బై శాతం దాటి గెలిచింది, ఆ నడుమ పోయిన కాలాన్ని మాత్రం ఎవరూ తిరిగి ఇవ్వలేదు.

చట్టం ముసాయిదాలో మరో రెండు వాక్యాల కోసం వెతకాలి. మొదటిది, కొత్త సొమ్ము వచ్చిందని పాత కేటాయింపును తగ్గించకూడదన్న నిబంధన. అది లేకపోతే కుడిచేత్తో ఇచ్చినది ఎడమచేత్తో లాక్కుంటారు. రెండవది, ధరలతోపాటు పెరిగే ఏర్పాటు. మసాచుసెట్స్ పెట్రోలు పన్నును ద్రవ్యోల్బణానికి ముడిపెట్టిన చట్టాన్ని ఓటర్లు 2014లో రద్దు చేశారు, తమకు చెప్పకుండా పెరిగే పన్ను అన్న అనుమానమే అందుకు ప్రధాన కారణం. అందువల్ల ఏ ఏడాది ఎంత పెరిగింది, దానితో ఎన్ని ట్రిప్పులు నడిచాయి అన్నది ప్రజలకు ఏటా లెక్క చెప్పడాన్ని కూడా అదే చట్టంలో చేర్చాలి.

పెన్సిల్వేనియాలో పెట్టుబడి నిధిని వాడుకునే అనుమతి రెండేళ్లకే, అంటే 2027 వేసవికల్లా అది ముగుస్తుంది. న్యూజెర్సీ రవాణా సుంకానికి గడువు 2028 చివరి వరకే. ఈ రెండు తేదీల కంటే ముందే ఆ రాష్ట్రాల్లో శాసనసభ ఎన్నికలు ఉన్నాయి, తమ ఇంటి తలుపు తట్టిన ప్రతి అభ్యర్థినీ ఏ పన్ను, ఏ బిల్లుకు, ఎన్నేళ్లకు అని అడిగే అవకాశం అక్కడి ఓటర్ల చేతిలోనే ఉంది.